పిల్లల మేనికి ఎండ లేపనము: ఫలితమెంత? క్షేమమెంత?

పట్టణపు మందుల అంగళ్లలోను, అరచేతి ఫోనులలోని ప్రకటనలలోను విరివిగా కానవచ్చుచున్న సరకొకటి ఇటీవల మన గ్రామములకును వచ్చినది. దానిని సన్‌స్క్రీన్ అందురు. ఎండలోనికి పోవుటకు మునుపు ఒంటికి పూసికొను లేపనము అది. పిల్లలకొరకే చేసినదని చెప్పి, పైన నవ్వుచున్న పసిబిడ్డ బొమ్మను అచ్చువేసి, పెద్దల లేపనముకంటె హెచ్చు వెలకు అమ్ముట కూడ కలదు. దువ్వాడ, అగనంపూడి, లంకెలపాలెము ప్రాంతముల సభ్యులలో కొందరు, అందును ముఖ్యముగా తల్లులు, దీనిని మన సంఘపు దుకాణమున ఉంచవలసినదని అడుగుచున్నారు. మరికొందరు, ఇట్టి రసాయనములను బిడ్డల ఒంటికి పట్టించుట కీడని వాదించుచున్నారు. సభ్యుల సొమ్ముతో సరకు తెప్పించునప్పుడు అది ఏ పనికి వచ్చునో, ఏ పనికి రాదో వారు ముందుగా ఎరిగియుండుట న్యాయము. గాన ఈ సంగతిని కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

మొట్టమొదట ఒక పొరపాటును తొలగింపవలెను. ఎండలో మనకు తగులునవి రెండు. ఒకటి వేడి, ఇది ఒంటికి తెలియును. రెండవది అతినీలలోహిత కిరణము. ఇది కంటికి కనబడదు, ఒంటికి వేడిగాను తోచదు. చర్మమును కమిలించునది, నల్లబరచునది, ఏండ్లతరబడి ముడుతలు పుట్టించునది ఈ రెండవదియే. లేపనము అడ్డగించునది దీనిని మాత్రమే. వడదెబ్బ వేడివలన వచ్చును. దానికి ఈ లేపనము అణుమాత్రమును అడ్డుగాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. అట్టి దినములలో బిడ్డకు లేపనము పూసితిమి గదా యని ధైర్యపడి మధ్యాహ్నమున మేకలవెంట పంపిన తల్లిదండ్రులు, లేపనము లేనివారికంటె హెచ్చు ప్రమాదమును కొనితెచ్చుకొన్నవారగుదురు. నీరు, మజ్జిగ, ఉప్పు గంజి, నీడ: వడదెబ్బ తగులకుండ కాపాడునవి ఇవి.

దీనికి ఎదురుగా మరియొక పొరపాటు కలదు. సముద్రపు గాలి చల్లగా వీచుచున్నదనియు, మబ్బు పట్టినదనియు ఎండ లేదని తలచుట. పలుచని మబ్బును చొచ్చుకొని ఈ కిరణములలో నూటికి తొంబదివంతుల వరకు క్రిందికి దిగును. ఎండిన ఇసుక తనపై బడినదానిలో నూటికి పదిహేను వంతులను, సముద్రపు నురుగు ఇరువదియైదు వంతులను తిరుగగొట్టును. నీటిలో జానెడు లోతున మునిగిన బిడ్డకును రక్షణ లేదు. అర మీటరు లోతున సైతము పైనున్నదానిలో నూటికి నలుబది వంతులు ఉండును. శివరాత్రికి అప్పికొండ సోమేశ్వరుని దర్శించి, తీరమున పిల్లలను గంటలకొలది ఆడుకొననిచ్చి, మరునాడు వారి భుజములు ఎఱ్ఱబడి మండుచున్నప్పుడు "నిన్న ఎండయే లేదే" యని ఆశ్చర్యపడువారు పలువురు.

మన తావున ఈ కిరణముల బలము హెచ్చు. విశాఖపట్టణము ఉత్తర అక్షాంశము పదునేడున్నర డిగ్రీలకు కొంచెము పైగా నున్నది. అందుచేత మే నెల 11వ తేది ప్రాంతమున ఒకమారును, ఆగష్టు మొదటి రెండు దినముల ప్రాంతమున మరియొకమారును మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. భారతదేశపు గడియారములను దిద్దుకొను రేఖ తుని చాయలనే పోవుచున్నది గనుక మన గడియారపు పండ్రెండు గంటలే ఇంచుమించు నిజమైన మధ్యాహ్నము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కిరణముల తీక్ష్ణతకు ఒక కొలతను ఏర్పరచి, పదునొకండును దాటినదానిని మిక్కిలి తీవ్రమైనదిగా ఎంచిరి. మన వేసవి మధ్యాహ్నములు తరచుగ ఆ తరగతిలోనివే. అయినను దీనిని తెలిసికొనుటకు యంత్రము అక్కరలేదు. బిడ్డ నీడ బిడ్డకంటె పొట్టిగా నున్నంతసేపు కిరణములు బలముగా నున్నట్లు. పొడవుగా సాగినప్పుడు తగ్గినట్లు. వేసవిలో ఈ లెక్కన ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము మూడు వరకు జాగ్రత్త వహింపవలసిన వేళ యగును.

ఇక ఈ కిరణములు మన పిల్లలకు చేయు కీడెంత? ఈ విషయమున ప్రకటనలు చెప్పుమాట యొకటి, నిజము వేరొకటి. ఎండవలన చర్మమునకు రాచపుండు పుట్టుననునది సత్యమే. ఆస్ట్రేలియాలో తెల్లజాతివారి నడుమ అది పెను వ్యాధి. ఆ దేశపు క్వీన్సులాండు రాష్ట్రమున నాంబూరు అను పట్టణమందు 1992 మొదలు నాలుగేండ్లకు పైగా 1,621 మంది పెద్దలను రెండు పక్షములుగా విభజించి, ఒక పక్షమువారిచేత ప్రతిదినము లేపనము పూయించిరి. రెండవ పక్షమువారిని వారి యిష్టమునకు వదలిరి. నిత్యము పూసికొన్నవారిలో ఒకజాతి చర్మపు రాచపుండ్లు నూటికి నలుబది వంతులు తగ్గెను. తరువాత పదేండ్లు కనిపెట్టి చూడగా, మెలనోమా యను ప్రాణాంతకమైన నల్లమచ్చ పుండ్లును ఇంచుమించు సగమునకు దిగినవని 2011లో ప్రకటించిరి. కెనడాలోని వాంకూవరు నగరమున 1993లో తెల్లజాతి బడిపిల్లలపై జరిపిన పరీక్షయందు లేపనము పూసికొన్నవారికి క్రొత్త పుట్టుమచ్చలు తక్కువగా పుట్టెను. కనుక లేపనము వట్టి బూటకమనుటకు వీలులేదు.

అయితే ఆ పరీక్షలు తెల్లని చర్మముగలవారిపై జరిగినవి. మన మేని నలుపు సహజమైన గొడుగు. మిక్కిలి నల్లని చర్మము తానే పదమూడు పాళ్లవరకు రక్షణ నిచ్చునని 1979లోనే లెక్క కట్టిరి. తెల్లవారి చర్మమునకు ఆ లెక్క మూడు చిల్లర. మన దేశమున చర్మపు రాచపుండ్లు మొత్తము రాచపుండ్లలో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే. చామనచాయ బిడ్డకు లేపనము పూయనియెడల రేపు రాచపుండు వచ్చునని తల్లిని భయపెట్టుట న్యాయముగాదు. అట్లని మన పిల్లలకు ఎండ ఏమియు చేయదనుటయు తప్పే. నల్లని చర్మమును కమలును. ఎఱుపు తెలియదు గాని మంటయు పొరలూడుటయు తెలియును. ముఖముపై మంగు మచ్చలు, ఎండ దద్దురులు మనవారికి తరచుగ వచ్చునవే. ఎండయందు ఎదిగిన కండ్లకు కలుగు హానిని గురించి క్రింద చెప్పెదము.

లేపనములు రెండు తెగలు. మొదటిది ఖనిజపు లేపనము. ఇందు జింకు ఆక్సైడుగాని, టైటానియము డయాక్సైడుగాని మెత్తని పొడిగా కలిసియుండును. జింకు మనవారు తుత్తునాగమనియు, వైద్యులు యశదమనియు పిలుచునదే. దాని భస్మము మన వైద్యమునకు క్రొత్తదిగాదు, పసిపిల్లల పిఱ్ఱల ఒరుపునకు పూయు తెల్లని మందులోను అదియే యుండును. 1977లో పని మొదలిడి 2012లో మూతపడిన విశాఖ జింకు కర్మాగారమును మన సభ్యులలో పలువురు ఎరుగుదురు. టైటానియము దొరకు నల్లని ఇసుక భీమునిపట్టణపు తీరముననే కలదు. ఈ పొడులు చర్మముపై పలుచని పొరగా నిలిచి కిరణములను పీల్చియు చెదరగొట్టియు లోనికి పోనీయవు. పూసిన తరువాత ముఖము కొంచెము తెల్లగా బూడిద పూసినట్లు కనబడుట వీనికిగల లోపము.

రెండవది రసాయనపు లేపనము. ఆక్సీబెంజోను, అవోబెంజోను మొదలగు పదార్థములు ఇందుండును. ఇవి తెల్లగా కనబడవు, సుళువుగా పూయవచ్చును. అందుచేతనే విరివిగా అమ్ముడగుచున్నవి. వీని విషయముననే సందేహములు బయలుదేరినవి. 2019లో అమెరికాలో ఇరువదినలుగురు పెద్దలకు ఒంటిలో ముప్పాతిక భాగమున, దినమునకు నాలుగుమార్లు చొప్పున, నాలుగు దినములు ఇట్టి లేపనములు పూసి నెత్తురు పరీక్షింపగా, ఆ పదార్థములు రక్తమున చేరుచున్నవని తేలెను. ఇది విని కొందరు విషము విషమని కేకలిడిరి. రక్తమున చేరుట వేరు, కీడు చేయుట వేరు. కీడు చేసినట్లు ఆ పరీక్ష చూపలేదు. మరింత పరిశోధింపవలెనని మాత్రమే చెప్పెను. అదే యేట ఆ దేశపు ఔషధ పర్యవేక్షణ శాఖవారు వాడుకలోని పదునారు పదార్థములను విచారించి, జింకు ఆక్సైడు, టైటానియము డయాక్సైడు అను రెంటిని మాత్రమే క్షేమకరములుగా ఎంచ ప్రతిపాదించిరి. రెంటిని కూడదనిరి. తక్కిన పండ్రెండింటికి ఇంకను నిదర్శనములు కావలెననిరి. ఐరోపావారును 2022లో ఆక్సీబెంజోను పాలును తగ్గించిరి. బిడ్డల విషయమున మా అభిప్రాయమిది: నిస్సందేహమైన సరకు అందుబాటులో నుండగా సందేహముగల సరకును కోరనేల? ఖనిజపు లేపనము కొనుటయే మేలు. దాని పొడి ఎంత సన్ననిదైనను, ఆరోగ్యమైన చర్మముయొక్క పైపొరను దాటి లోనికి చొరబడుట లేదని పరీక్షలు చూపుచున్నవి.

తుంపరగా చిమ్ముకొను సీసాలు పిల్లలకు వలదు. ఆ తుంపర ఊపిరితో లోనికి పోవును. 2021లో అమెరికాలో కొన్ని సీసాలయందు బెంజీను అను చెడుపదార్థము కలిసియుండుట కనిపెట్టి, వానిని అంగళ్లనుండి వాపసు తీసికొనిరి. అది లేపనపు సహజ గుణముగాదు, తయారీలోని కల్తీ దోషము; అయినను జాగ్రత్తకు తెలిసికొనదగినది.

ఆరు నెలలు నిండని శిశువులకు ఏ లేపనమును అలవాటుగా పూయరాదని పిల్లల వైద్యులు చెప్పుచున్నారు. వారి చర్మము పలుచన. బరువునుబట్టి చూడగా చర్మపు వైశాల్యము హెచ్చు. పూసినది లోనికి ఇంకుట సుళువు. అట్టి శిశువును ఎండలోనికి తీసికొనిపోకుండుటయే రక్షణ. గట్టుమీద ఉయ్యాల కట్టి నాట్లు వేయు తల్లులు, నీడ సూర్యునితోపాటు కదలుచుండునని మరువరాదు. పది గంటలకు నీడలోనున్న ఉయ్యాల పదునొకండింటికి ఎండలోనుండును.

ఇప్పుడు రైతునకు ముఖ్యమైన లెక్కకు వత్తము. లేపనపు పెట్టెమీద ఎస్‌పీఎఫ్ అని మూడక్షరములు, వాని ప్రక్కన 15, 30, 50 వంటి అంకెయు ఉండును. 30 అనగా చర్మమును కమిలించు కిరణములలో ముప్పదియవ వంతు మాత్రమే లోనికి పోవునని అర్థము. 15 అయినచో నూటికి 93 వంతులు, 30 అయినచో 97, 50 అయినచో 98 వంతులు ఆగును. చూచితిరిగదా! 30కిని 50కిని నడుమ భేదము స్వల్పము. వెలలో భేదము స్వల్పముగాదు. పిల్లలకు 30 చాలును. పీఏ అను అక్షరముల ప్రక్క కూడిక గుర్తులు మూడైన ఉన్నది మేలు. అది లోతుగా దిగు రెండవరకపు కిరణములనుగూడ ఆపునని చెప్పు గుర్తు.

అయితే ఈ అంకెలన్నియు చదరపు సెంటిమీటరునకు రెండు మిల్లిగ్రాముల చొప్పున దట్టముగా పూసినప్పటి లెక్కలు. జనులు సాధారణముగా పూయునది అందులో సగముగాని, ఇంకను తక్కువగాని యుండును. సగము పూసినచో రక్షణ సగమైనను మిగులునను నమ్మకము లేదు. అయిదేండ్ల బిడ్డకు ముఖము, చెవులు, మెడ, చేతులు, మోకాళ్లకు దిగువ కాళ్లు సరిగా పూయుటకు ఏడు గ్రాముల ప్రాంతము పట్టును. రెండు గంటలకొకసారి, చెమట పట్టినను నీట దిగినను అంతకు ముందుగనే, మరల పూయవలెను. దినమునకు రెండుమార్లే పూసినను పదునాలుగు గ్రాములు. ఏబది గ్రాముల గొట్టము నాలుగవ దినమునకు ఖాళీ. నెలకు ఎనిమిది గొట్టములకు పైగా కావలెను. గొట్టము మూడువందల రూపాయలే యనుకొన్నను ఒక్క బిడ్డకు నెలకు రెండువేల అయిదువందలు. ఇద్దరు బిడ్డలున్నచో కుటుంబపు ఉప్పుపప్పులకు చేయు వ్యయమునకు అది పోటీవచ్చును. బఠాణీగింజంత తీసి ముఖమంతయు రాసినచో వ్యయము తగ్గును, నిజమే, పనియు తగ్గును. డబ్బు పోయినది గాని రక్షణ రాలేదు.

అందుచేత పొలములనడుమ పెరుగు బిడ్డకు మొదటి రక్షణ గుడ్డ, నీడ, వేళ. ముతక నూలు చొక్కా, చేతులు మణికట్టువరకు, లాగు చీలమండవరకు ఉన్నచో ఆ మేర లేపనముతో పనిలేదు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడుడు. వెలుతురు ఎంత కనబడునో కిరణము అంత దూరును. పలుచని తెల్లచొక్కా తడిసినప్పుడు ఇంకను చెడ్డ. ముదురు రంగు దట్టపు నేత మేలు. తలకు మూడంగుళముల అంచుగల టోపీగాని, మన పెద్దలు వానకు వాడిన తాటియాకు గిడుగువంటిది గాని కావలెను. ముందువైపు మాత్రమే అంచుగల ఆటగాండ్ర టోపీ చెవులను, మెడ వెనుకభాగమును కాపాడదు. తలపాగాయొక్క చెంగు మెడమీదికి వదలుట మన తాతలు ఎరిగిన ఉపాయము. నీడలలోను భేదము కలదు. చింత, మామిడి నీడ చిక్కన. తాటి, కొబ్బరి, సరుగుడు నీడ పలుచన. ఉక్కు కర్మాగారమునకును, ప్రత్యేక ఆర్థిక మండలికిని పోగా దువ్వాడ చుట్టుపట్ల మిగిలిన జీడిమామిడి తోటలు ఈ విషయమునగూడ మనకు ఆస్తియే.

కండ్లను ఏ లేపనమును కాపాడజాలదు. నల్లగ్రుడ్డుమీదికి కండ పెరుగు జబ్బు బయట పనిచేయువారికి హెచ్చుగ వచ్చునని ఆంధ్రదేశపు గ్రామములలో జరిగిన కంటి పరీక్షలలోనే తేలినది. దీనికిని టోపీ అంచే రక్షణ.

ఎండతో కలిసినప్పుడు మాత్రమే కీడుచేయు వస్తువులు మన ఇండ్లలోనే కొన్ని కలవు. నలుపు విరుగునని బిడ్డ ముఖమునకు నిమ్మరసము రాయుదురు. నిమ్మరసము తగిలిన చర్మము ఎండలో కాలి బొబ్బలెక్కి నెలలకొలది నల్లమచ్చగా నిలుచును. జీడిపిక్కలు ఏరు కాలమున పిల్లల చేతులకు, పెదవులకు పుట్టు పుండ్లు ఎండవలన వచ్చినవిగావు. పిక్క పెంకులోని నూనె వలన. దానికి లేపనము రాయుట వ్యర్థము, సబ్బుతో వెంటనే కడుగుట ముఖ్యము. కొబ్బరినూనె, పసుపు, గంధము చర్మమునకు హితములే గాని ఎండను ఆపు శక్తి వానికి చాలినంత లేదు. కలుపుమందు కొట్టు పొలమునకు బిడ్డలను రానీయకుడు. రసాయనపు లేపనములందలి కొన్ని పదార్థములు 2,4-డి యను కలుపుమందు చర్మములోనికి ఇంకుటను హెచ్చించునని ప్రయోగశాలలో కనుగొనిరి.

ఎండ తగిలిన చోట్ల మాత్రమే వచ్చు మచ్చకు మూలము ఒక్కొక్కప్పుడు తిండిలో నుండును. తెలంగాణపు జొన్న తిను పేదలలో మెడచుట్టు కంటెవలెను, చేతులపై తొడుగువలెను నల్లని పొక్కులు వచ్చు పెలగ్రా యను జబ్బు విరివిగా నుండెడిది. హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతయ్యగారలు దాని కారణమును వెదకి, జొన్నలోని ల్యూసిను అను అంశము హెచ్చగుటకును ఆ జబ్బునకును సంబంధము కలదని 1960లో ప్రకటించిరి. ఎండ అక్కడ నిమిత్తమాత్రము. అన్నము, చోడి అంబలి తిను మనవైపు అది అరుదే. అయినను రెండు చేతులకు, మెడకు సరిసమానముగా మచ్చలు వచ్చిన బిడ్డను మందుల అంగడికి గాక వైద్యునివద్దకు కొనిపోవలెనని చెప్పుటకు ఇది వ్రాసితిమి.

ఎండను ఆపిన ఎముకలు చెడునను మాటయు విందుము. ఎముకల బలమునకు కావలసిన డి విటమిను చర్మమున ఎండవలననే పుట్టును. తిరుపతి వైద్య సంస్థవారు ఆ ప్రాంతపు జనులను పరీక్షింపగా, పొలము పనివారిలో అది పట్టణవాసులకంటె హెచ్చుగనే యున్నను పలువురిలో చాలినంత లేదనియు, తిండిలో సున్నము తక్కువగుటయు తోడైనదనియు కనుగొనిరి. అయితే వాడుకలో పూయునంత లేపనమువలన డి విటమిను కొరవడినట్లు కానరాదు. బయట ఆడుకొను పల్లెబిడ్డకు ఈ భయము అక్కరలేదు. పాలు, మజ్జిగ, చోడి, ఆకుకూరలు పెట్టుట ముఖ్యము.

మరి ఈ లేపనము నిజముగా ఎవరికి కావలెను? పై వ్రాతయంతయు ఇందుకొరకే యని అనుకొన్నను తప్పులేదు. పుట్టుకతోనే చర్మము, జుట్టు, కనుబొమలు తెల్లగానుండి, ఎండలో కండ్లు విప్పలేని బిడ్డలు కొన్ని కుటుంబములలో పుట్టుచుందురు. దీనిని ఆల్బినిజమందురు. ఇది శాపముగాదు, కుష్ఠము అంతకంటెను కాదు, అంటునదియు కాదు. చర్మమునకు రంగునిచ్చు పదార్థము పుట్టకపోవుట మాత్రమే. తల్లి తండ్రి ఇరువురినుండియు ఆ లోపము సంక్రమించినప్పుడు కలుగును గనుక మేనరికములు హెచ్చుగానున్న మనలో దీనికి అవకాశము ఎక్కువ. మా ఎరుకలోని ఒక రైతు కుటుంబమున ఇట్టి పిల్లవాడు బడిలో నల్లబల్లమీది అక్షరములు కనబడక చదువు మాని, పదేండ్లకే మేకలు కాయ మొదలిడెను. రెండు మూడేండ్లలో చెవుల అంచులు, ముక్కు గట్టిపడి పుండ్లు కట్టెను. ఇంటివారు వానిని దేవుని ఆగ్రహమని తలచి ఆకుపసరులు కట్టుచుండిరి. ఎండ నుండి వానిని తప్పింపవలెనని వారికి చెప్పినవారు లేకపోయిరి.

ఆఫ్రికాయందలి టాంజానియా దేశమున ఇట్టివారు పెక్కుమంది కలరు. వారిలో అనేకులు చర్మపు రాచపుండుతో నడివయస్సు చూడకయే మరణించుచుండిరి. అక్కడి మోషి పట్టణపు చర్మవైద్య శిక్షణాలయమున కిలిమంజారో పేరిట లేపనమును తామే తయారుచేసి, వారికి ఊరూర పంచి, వాడు విధమునుగూడ నేర్పుచున్నారు. దిగుమతి సరకు వెల భరింపలేనప్పుడు స్థానికముగా చేసికొనవచ్చునని చూపిన పని యది. సహకారులకు తెలియదగినది.

ఆల్బినిజము గల బిడ్డలకు ఉదయము బడికి పోవునప్పుడు మొదలు ప్రతిదినము, ఏడాది పొడుగునను, లేపనమును నిండు చొక్కాయు టోపీయు నల్లకళ్లజోడును కావలెను. బొల్లి మచ్చలున్న బిడ్డలకు ఆ మచ్చలమీద కావలెను. ఎండ తగిలిన గంటలోపల దద్దురులు లేచు పిల్లలకు, వైద్యుడు చెప్పినట్లు కావలెను. తక్కిన పిల్లలకు సముద్రతీరమున గడుపు దినమునను, మధ్యాహ్నపు ఆటల పోటీలనాడును, గుడ్డ కప్పని ముఖము, చెవులు, మెడమాత్రము పూసిన చాలును. అట్లు వాడినచో ఒక గొట్టము చాలకాలము వచ్చును. ఉక్కబోత దినములలో జిడ్డు లేపనము ఒంటినిండ పూసినచో చెమటకాయలు హెచ్చును.

ఒక హెచ్చరిక. బిడ్డ తెల్లబడునను ఆశతో దీనిని కొనువారు కలరు. ఆడపిల్లల తల్లులు మరియును. ఎండ లేపనము ఎవ్వరిని తెల్లబరచదు. తెల్లబరచునని అమ్ము లేపనములలో కొన్నిట పాదరసము కలియుట పలుమార్లు పట్టుబడినది. అది మూత్రపిండములను చెరచును. మరికొన్నిట స్టెరాయిడు మందుండును. నెలలు పూయగా చర్మము కాగితమువలె పలుచనై, అటుపిమ్మట చిన్న ఎండకును మండును. ఇట్టి స్టెరాయిడు పూతలను వైద్యుని చీటి లేక అమ్మరాదని 2018లో ప్రభుత్వము శాసించినది. అంగళ్లలో అవి ఇంకను చేతులు మారుచునే యున్నవి.

పై కారణములచేత మా సలహా యేమనగా: సంఘపు దుకాణమున ఈ సరకును అందరికొరకు బీరువాలు నింపి ఉంచనక్కరలేదు. జింకు ఆక్సైడుతో చేసిన, సువాసన కలుపని, 30 అంకెగల లేపనమును కొలది గొట్టములు మాత్రము తెప్పించి, ఆల్బినిజము, బొల్లిగల బిడ్డలున్న సభ్యులకు కొన్న వెలకే ఈయవలెను. పెట్టెమీద తయారీ అనుమతి సంఖ్య, గడువు తేది చూచి తీసికొనవలెను. రేకు కప్పు క్రింద వేడిలో నిలువయుంచిన సరకు గడువులోపలనే చెడును. తక్కిన సభ్యులకొరకు అదే సొమ్ముతో అంచుటోపీలను, ముతక నూలు పిల్లల చొక్కాలను వేసవికి ముందుగా తెప్పించుట లాభకరము. ఇట్టి బిడ్డ తమ ఇంటగాని, పొరుగునగాని ఉన్నచో సభ్యులు కార్యదర్శికి తెలుపవలెను. విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రి చర్మవైద్య విభాగమునకును, కంటి విభాగమునకును బిడ్డను చూపవలెను. చూపు బాగుగ మందగించినవారికి వికలాంగుల ధ్రువపత్రము దొరకు అవకాశము కలదు. అది యున్నచో బడిలో ముందువరుసను కూర్చుండబెట్టుమనియు, పెద్ద అచ్చు పుస్తకములిమ్మనియు అడుగుట సుళువగును.